పంటి పొరల్లో గాలి లెక్క

పసిబిడ్డ దవడ లోపల, ఇంకా బయటికి రాని పన్ను మీద ఎనామిల్ రోజుకు సుమారు 4 మైక్రాన్ల మందాన పేరుకుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ లెక్కన ఒక మిల్లీమీటరు పొర తయారు కావడానికి 250 రోజులు కావాలి. తల వెంట్రుకంత మందం పేరుకోవడానికే రెండు వారాలకు పైగా పడుతుంది. దవడ పళ్ల మొనల దగ్గర ఈ పొర రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

ఇక గాలి సంగతి. శీతకాలం వచ్చిందంటే పేపర్లలో రోజూ కనిపించే పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ వ్యాసమున్న కణాలు. బిడ్డ పంటి మీద ఒక్క రోజులో పేరే పొర ఆ కణం కంటే మందంగా ఉంటుందన్నమాట. ఈ రెండు కొలతలనూ ఒకచోట పెట్టడానికి కారణం ఉంది. గాలిని మనం ఏడాది సగటుల్లో కొలుస్తున్నాం. బిడ్డ శరీరం మాత్రం రోజుల లెక్కన తయారవుతుంది. కాలుష్యానికి ఎంతమంది చనిపోయారో లెక్కిస్తున్నాం కానీ, బతికి పెరుగుతున్న పిల్లల ఒంట్లో ఏ నెలలో ఏం చేరిందో మన లెక్కల్లో లేదు. ఆ లోటును కొంతైనా పూడ్చే సాక్ష్యం పంటిలో ఉంది. అరవై ఏళ్లకు పైగా పరిశోధకులు దాన్ని చదువుతూనే ఉన్నారు.

ఒక్కసారే జరిగే నిర్మాణం

ఎనామిల్‌ను తయారుచేసే కణాలను అమెలోబ్లాస్టులు అంటారు. తాపీ మేస్త్రి ఒక వరస పేర్చి వెనక్కి జరిగినట్టు, ఇవి ఏ రోజు పొర ఆ రోజు వేసి కాస్త వెనక్కి తగ్గుతాయి. మొదట వేసిన పొర మెత్తగా ఉంటుంది. దాని బరువులో ఖనిజం సుమారు 30 శాతమే, మిగతాదంతా నీరూ ప్రొటీన్లూ. ఆ ప్రొటీన్లలో దాదాపు 90 శాతం అమెలోజెనిన్ ఒక్కటే. తర్వాతి దశలో ఎంఎంపీ20, కేఎల్‌కే4 అనే ఎంజైములు ఈ ప్రొటీన్‌ను ముక్కలు చేస్తాయి. కణాలు ఆ ముక్కలను తొలగిస్తాయి. ఖాళీ అయిన చోట కాల్షియం, ఫాస్ఫేట్ల స్ఫటికాలు లావెక్కుతాయి. అంతా సవ్యంగా జరిగితే చివరికి ఎనామిల్ బరువులో 96 శాతం ఖనిజమే ఉంటుంది. దాని కిందుండే డెంటిన్‌లో ఇది 70 శాతం, ఎముకలో 65 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మన ఒంట్లో ఎనామిల్‌ను మించిన గట్టి పదార్థం లేదు.

ప్రొటీన్ పూర్తిగా తొలగకపోయినా, ఖనిజం చాలినంత చేరకపోయినా ఆ చోట పన్ను మెత్తగా, సుద్దలాంటి తెలుపుతోనో గోధుమ రంగుతోనో మిగిలిపోతుంది. దాన్ని మళ్లీ సరిచేసేవాళ్లు ఎవరూ ఉండరు. పన్ను చిగుళ్లను చీల్చుకుని బయటికి వచ్చేసరికి అమెలోబ్లాస్టులు నశిస్తాయి. పెద్దవాళ్ల ఎముకల్లో ఏటా దాదాపు 10 శాతం పాతది పోయి కొత్తది వస్తుంది. ఎనామిల్‌కు ఆ వీలు లేదు. పంటి వైద్యుడికి ఇది పెద్ద చిక్కు. పరిశోధకుడికి మాత్రం ఇదే వరం, ఎందుకంటే ఒకసారి నమోదైనది చెరిగిపోదు.

సూక్ష్మదర్శినిలో చూస్తే ఎనామిల్‌లో రోజువారీ గీతలు కనిపిస్తాయి. వారం పది రోజులకొకటి చొప్పున ముదురు గీతలూ ఉంటాయి. పాలపళ్లలో ఇంకో ప్రత్యేకమైన గీత ఉంటుంది. కాన్పు రోజున బిడ్డ శరీరానికి కలిగే కుదుపుకు అది గుర్తు. ఆ గీతకు లోపలున్నది కడుపులో ఉండగా తయారైనది, బయటున్నది పుట్టాక తయారైనది. ఒక్కో పన్నుకు ఒక్కో కాలం. ముందు పాలపళ్ల మీద ఎనామిల్ కడుపులో నాలుగో నెల దగ్గర మొదలై, పుట్టిన రెండు మూడు నెలలకు పూర్తవుతుంది. పాల దవడ పళ్లలో చివరిది పూర్తయ్యేసరికి బిడ్డకు ఏడాది వస్తుంది. ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను పుట్టుక వేళ మొదలై మూడేళ్ల లోపు ముగుస్తుంది. ఈ మూడు పళ్లూ చేతిలో ఉంటే నాలుగో నెల గర్భం నుంచి మూడో ఏడు దాకా ఆ బిడ్డ చరిత్ర తేదీలతో సహా చదవొచ్చు.

తెలుగువాళ్లకు ఈ సూత్రం కొత్తేమీ కాదు. మనం చాలా బాధపడి నేర్చుకున్నదే. అప్పటి మద్రాసు రాష్ట్రంలో, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి వైపు పల్లెల్లో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు గురించి 1937లో వైద్య పత్రికలో వచ్చిన నివేదిక దేశంలోనే మొదటిది. ఆ తర్వాత నల్గొండ పేరు ఆ జబ్బుకు మారుపేరైపోయింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంతకు మించి ఉన్న నీళ్లు తాగుతూ పెరిగిన పిల్లలకు గారపళ్లు వస్తాయి. అదే ఊరికి ఇరవై ఏళ్ల వయసులో కాపురానికి వచ్చిన కోడలు అవే నీళ్లు తాగితే ఎముకలు దెబ్బతినొచ్చు కానీ పళ్ల మీద మచ్చలు రావు. ఆమె ఎనామిల్ అప్పటికే పూర్తయింది. విషం మోతాదు ఎంత అన్నదే కాక, అది ఏ వయసులో ఒంట్లోకి చేరిందన్నదీ ముఖ్యమని గారపళ్లు మూడు తరాలుగా చెబుతున్నాయి. గాలి విషయానికి వచ్చేసరికి ఆ పాఠాన్ని మనం మరిచిపోయాం.

సెవెసో నుంచి సెయింట్ లూయిస్ దాకా

1976 జూలై 10న ఇటలీలో మిలాన్ దగ్గర ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ అనే విషంతో కూడిన మేఘం బయటికొచ్చి సెవెసో పట్టణం మీద పడింది. దాదాపు పాతికేళ్ల తర్వాత ఫిన్లాండ్, ఇటలీ పరిశోధకులు అక్కడివారి పళ్లు పరీక్షించారు. ఎనామిల్ లోపాలున్న 27 మందిలో 25 మంది ప్రమాదం నాటికి ఐదేళ్ల లోపు పిల్లలే. ప్రమాదం జరిగిన ఏడాదిలో తీసి భద్రపరిచిన రక్త నమూనాలు ఉండటం పరిశోధకులకు కలిసొచ్చింది. కలుషిత ప్రాంతంలో అప్పటికి ఐదేళ్ల లోపున్న వారిని రక్తంలోని డయాక్సిన్‌ను బట్టి మూడు గుంపులు చేశారు. తక్కువ ఉన్నవారిలో 10 శాతానికి, మధ్యస్థంగా ఉన్నవారిలో 45 శాతానికి, ఎక్కువ ఉన్నవారిలో 60 శాతానికి ఎనామిల్ లోపాలు కనిపించాయి. గుంపులు చిన్నవి. 10, 11, 15 మంది మాత్రమే. అయినా మెట్టు మెట్టుగా పెరిగిన ఆ తీరును తోసిపుచ్చలేం.

ఇలాంటి మచ్చలే ఇప్పుడు ఏ ప్రమాదమూ జరగని ఊళ్లలో కూడా విస్తారంగా కనిపిస్తున్నాయి. మొదటి శాశ్వత దవడ పళ్లు, ముందు పళ్ల ఎనామిల్‌లో ఖనిజం తక్కువగా ఉండే ఈ స్థితికి 2001లో ఎంఐహెచ్ అని పేరు పెట్టారు. ప్రపంచంలో 13, 14 శాతం పిల్లలకు ఇది ఉందని అధ్యయనాలన్నీ కలిపి వేసిన అంచనాలు చెబుతున్నాయి. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరికి. కారణం ఒక్కటని ఎవరూ అనడం లేదు. తొలి మూడేళ్లలో వచ్చిన తీవ్ర జ్వరాలు, జన్యువులు, రసాయనాలు అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ప్లాస్టిక్‌లలో ఉండే బిస్‌ఫినాల్-ఏను ఒంటి బరువులో కిలోకు రోజుకు 5 మైక్రోగ్రాముల చొప్పున ఎలుకలకు ఇస్తే పిల్ల ఎలుకల పళ్ల మీద అచ్చం ఇలాంటి తెల్ల మచ్చలే వచ్చాయని పారిస్ పరిశోధకులు 2013లో చూపారు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి శాశ్వత దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే, పాలపళ్ల వెనక వస్తుంది. అందుకే చాలామంది దాన్ని కూడా పాలపన్నే అనుకుని, ఎలాగూ ఊడిపోతుందిలే అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఆరేడేళ్ల బిడ్డ చల్లనీళ్లు తాగలేకపోతున్నా, బ్రష్ తగిలితే ఏడుస్తున్నా ఆ పన్ను మీద పసుపు, గోధుమ మచ్చలున్నాయేమో చూసి పంటి డాక్టరు దగ్గరికి త్వరగా తీసుకెళ్లాలి.

గాలిలోంచి పంటిలోకి దారి ఉందని అందరికంటే గట్టిగా నిరూపించింది అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం. 1950లలో అగ్రరాజ్యాలు ఆరుబయటే అణుపరీక్షలు జరిపేవి. వాటి నుంచి వచ్చిన స్ట్రాన్షియం-90 గాలిలో వేల మైళ్లు ప్రయాణించి గడ్డి మీద పడేది. గడ్డి నుంచి ఆవు పాలలోకి, పాల నుంచి పిల్లల్లోకి చేరేది. స్ట్రాన్షియం ఒంట్లో కాల్షియంలాగే ప్రవర్తిస్తుంది కనుక ఎముకల్లో, పళ్లలో కుదురుకుంటుంది. 1958లో డాక్టర్ లూయీజ్ రైస్ సారథ్యంలో అక్కడ పాలపళ్ల సేకరణ మొదలైంది. పన్ను పంపిన ప్రతి బిడ్డకూ, నా పన్నును సైన్సుకు ఇచ్చానని రాసిన ఒక బిళ్ల ఇచ్చేవారు. 1970 దాకా దాదాపు 3 లక్షల 20 వేల పళ్లు వచ్చాయి. 1950లో పుట్టిన పిల్లలతో పోలిస్తే 1963లో పుట్టిన వాళ్ల పళ్లలో స్ట్రాన్షియం-90 సుమారు 50 రెట్లు ఉంది. తొలి ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. ఆరుబయట అణుపరీక్షలను నిషేధించే ఒప్పందం మీద 1963లో సంతకాలు జరిగాయి. ఆ ఒప్పందానికి జనాభిప్రాయాన్ని కూడగట్టిన వాటిలో ఈ పాలపళ్లు ముఖ్యమైనవి.

మన ఊళ్లలో ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరే అలవాటు ఉంది. అందులో పిల్లలకున్న సంబరాన్ని నేనేమీ కాదనను. సెయింట్ లూయిస్ తల్లులు అదే పన్నును కవరులో పెట్టి, బిడ్డ పుట్టిన తేదీ, ఊరు, తాగిన పాలు ఏవి అన్న వివరాలు రాసి పంపారు. ఆ పళ్లలో 85 వేల దాకా 2001లో ఒక పాత నిల్వగదిలో దొరికాయి. వాటిని ఇచ్చిన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు అరవై దాటింది. పసితనంలో వారి పళ్లలోకి చేరిన లోహాలకూ, ఇప్పటి వారి జ్ఞాపకశక్తికీ సంబంధం ఉందేమో హార్వర్డ్ పరిశోధకులు వెతుకుతున్నారు.

సీసం కథ కూడా పాలపళ్లలోనే తేలింది. హెర్బర్ట్ నీడిల్‌మన్ బృందం మసాచుసెట్స్‌లోని చెల్సీ, సోమర్‌విల్ బడుల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలు 3,329 మందిని ఊడిన పన్ను ఇవ్వమని అడిగితే 2,335 మంది ఇచ్చారు. ఆ పళ్ల డెంటిన్‌లోని సీసాన్ని కొలిచి, బాగా ఎక్కువున్న 58 మందినీ తక్కువున్న 100 మందినీ పోల్చారు. సగటు ఐక్యూ మొదటి గుంపుకు 102.1, రెండో గుంపుకు 106.6. ఈ పిల్లలెవరిలోనూ సీసపు విషం లక్షణాలు పైకి కనిపించలేదు. రోజూ బడికి వచ్చి ఆడుకుంటున్న పిల్లలే. 1979లో వచ్చిన ఈ ఫలితాలు పెట్రోలు నుంచి సీసాన్ని తీసేయాలన్న పోరాటానికి బలమిచ్చాయి. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000 ఫిబ్రవరికి అంతటా వచ్చింది. కార్ల పెట్రోలులో సీసం కలపడాన్ని 2021 జూలైలో అందరికంటే చివరగా ఆపిన దేశం అల్జీరియా. ఈ శతాబ్దం మొదలయ్యేలోపు మన నగరాల్లో పుట్టినవారి పళ్లలో ఆ పెట్రోలు పొగ ఆనవాలు ఇంకా ఉండే ఉంటుంది.

సగటు దాచేది

ఇప్పుడు మన గాలి దగ్గరికి వద్దాం. పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకుముందు వరకు ఆ హద్దు 10. మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉన్న హద్దు 40. అంటే ఎనిమిది రెట్లు. ఒక రోజుకు ఆ సంస్థ పెట్టిన హద్దు 15, మనది 60. 2019లో దేశంలో 16.7 లక్షల మరణాలకు వాయు కాలుష్యం కారణమైందని లాన్సెట్ అనుబంధ పత్రికలో వచ్చిన అంచనా. మొత్తం మరణాల్లో అది 17.8 శాతం. 2021లో ప్రపంచమంతటా ఈ సంఖ్య 81 లక్షలు. వారిలో ఐదేళ్ల లోపు పిల్లలు 7 లక్షలకు పైనే.

భయపెట్టే అంకెలే ఇవి. అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వీటిలో లేని సంగతి. ఒక ఊళ్లో ఏడాది సగటు సరిగ్గా 40 ఉందనుకోండి. ఏడాది హద్దు ప్రకారం ఆ ఊరి గాలి బాగున్నట్టే. ఆ సగటు 300 రోజులు 20 చొప్పున, మిగతా 65 రోజులు సుమారు 132 చొప్పున ఉన్నా వస్తుంది. ఆ 65 రోజులూ గర్భం ఏడో నెలలోనో, బిడ్డ పుట్టిన తొలి శీతకాలంలోనో వస్తే? ఎనామిల్ లెక్కలో 65 రోజులంటే 260 మైక్రాన్లు, మిల్లీమీటరులో పావు వంతు కంటే ఎక్కువ. అదే ఊళ్లో ఆరు నెలలు అటూఇటూగా పుట్టిన ఇంకో బిడ్డకు ఆ రోజులు వేరే పొర మీద పడతాయి. ఏడాది సగటులో ఈ ఇద్దరు పిల్లలూ ఒక్కటే.

ధూళి కణం నేరుగా వెళ్లి ఎనామిల్‌లో కూర్చోదు. దానితో వచ్చిన సీసంలాంటి లోహాలు రక్తంలో కలిసి వెళతాయి. మరో దారి ఎండ. పొగమంచు కమ్మిన చోట చర్మంలో విటమిన్-డి తయారు చేసే అతినీల కిరణాలు నేలను చేరేది తక్కువ. ఢిల్లీలో 9 నుంచి 24 నెలల పిల్లల మీద చేసి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కాలుష్యం ఎక్కువున్న మోరీ గేట్ పిల్లల రక్తంలో విటమిన్-డి మిల్లీలీటరుకు సగటున 12.4 నానోగ్రాములు ఉంది. కాస్త శుభ్రమైన గాలి ఉన్న గుర్‌గావ్ పిల్లల్లో 27.1. అంటే మోరీ గేట్ పిల్లల్లో ఉన్నది అందులో సగానికి తక్కువ. ఇక డెన్మార్క్‌లో గర్భిణులకు 24వ వారం నుంచి కొందరికి రోజుకు 2,400 యూనిట్ల విటమిన్-డి అదనంగా ఇచ్చారు. మిగతావారికి ఉత్త మాత్ర ఇచ్చారు. పిల్లలకు ఆరేళ్లు వచ్చాక పళ్లు చూస్తే శాశ్వత దంతాల్లో ఎనామిల్ లోపాలు మొదటి గుంపులో 15.1 శాతానికి, రెండో గుంపులో 27.5 శాతానికి కనిపించాయి. ఇది 2019లో ప్రచురించిన ఫలితం. ఢిల్లీ అధ్యయనం వేరు, డెన్మార్క్ అధ్యయనం వేరు. రెంటినీ కలిపి, కాలుష్యపు మసక ఎనామిల్‌ను దెబ్బతీస్తుందనుకోవడం నా ఊహ. కానీ ఆధారం లేని ఊహ కాదు. గర్భిణులు దీన్ని చదివి సొంతంగా మాత్రలు మింగొద్దు. మోతాదు డాక్టరే చెప్పాలి.

ఇంట్లో పొగ సంగతీ చెప్పాలి. జపాన్‌లోని కోబె నగరంలో 76,920 మంది పిల్లలను మూడేళ్ల దాకా గమనించారు. ఇంట్లో పొగ తాగేవాళ్లు లేని పిల్లల్లో 14 శాతానికి మూడేళ్లకు పిప్పిపళ్లు వస్తే, నాలుగు నెలల వయసులోనే పొగ పీల్చిన పిల్లల్లో 27.6 శాతానికి వచ్చాయి. పొగ తాగే ఇళ్లలో తిండి అలవాట్లూ వేరుగా ఉండొచ్చు కనుక తప్పంతా పొగదే అనలేం. అయినా తేడా చిన్నది కాదు.

ఖనిజంతో తయారైన శరీర భాగాల మీద గాలి ప్రభావం గురించి మన దగ్గరే ఒక గట్టి ఆధారం ఉంది. హైదరాబాద్ శివారున 28 పల్లెల్లో, బార్సిలోనా పరిశోధకులు ఇక్కడి సంస్థలతో కలిసి 3,717 మందిని పరీక్షించారు. సగటు వయసు 36 లోపే. అక్కడి పీఎం 2.5 ఏడాది సగటు 32.8. మన హద్దు 40 కంటే తక్కువే, అంటే మన చట్టం ప్రకారం అది మంచి గాలే. అయినా పీఎం 2.5 మూడు మైక్రోగ్రాములు పెరిగిన కొద్దీ వెన్నెముకలో ఖనిజం సగటున 0.57 గ్రాములు తగ్గినట్టు 2020 జనవరిలో ప్రచురించారు. పరీక్షించినవారిలో 58 శాతం మంది ఇళ్లలో కట్టెలు, పిడకల వంటే. పెద్దవాళ్ల ఎముక నిత్యం పాతది పోయి కొత్తది వస్తూ ఉంటుంది. అలాంటి ఎముకే ఈ గాలికి తగ్గుతుంటే, ఒక్కసారి తయారై ఆగిపోయే ఎనామిల్ గురించి ఆ పల్లెల్లోనే వెతకాలి కదా.

2019 జనవరిలో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో దాదాపు 130 నగరాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి 13, తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్గొండ కూడా ఆ జాబితాలో ఉంది. ఫ్లోరైడ్‌తో అంతగా నలిగిన ఊరు ఇప్పుడు గాలి జాబితాలోనూ చేరింది. ఈ కార్యక్రమం ఫలితాన్ని ప్రధానంగా పీఎం 10తో కొలుస్తారు. రోడ్డు మీద నీళ్లు చల్లితే, ఊడ్చే యంత్రాలు తిప్పితే ఆ అంకె తగ్గుతుంది. ఊపిరితిత్తుల లోతుకు దిగేది, సీసం, మసి మోసుకెళ్లేది అంతకంటే సన్నటి పీఎం 2.5. కొలవాల్సింది దాన్ని. ఏడాది సగటుతో పాటు ఒక్కో నెల సగటు, హద్దు దాటిన రోజుల సంఖ్య కూడా ప్రతి ఊరికీ ప్రకటించాలి. గర్భిణికి పనికొచ్చేవి ఆ అంకెలే.

పాలపళ్ల సేకరణ కూడా మన దగ్గర అసాధ్యమేమీ కాదు. పుట్టిన తేదీ, బరువు, టీకాలు అంగన్‌వాడీ పుస్తకంలో ఎటూ ఉంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఆ 28 పల్లెల్లో గాలి కొలతలు కూడా ఉన్నాయి. ఆరేడేళ్ల వయసులో ఊడిపోయిన ముందరి పాలపన్నును కడిగి, ఆరబెట్టి, పేరూ తేదీ రాసిన కాగితపు పొట్లంలో పెడితే చాలు. లేజరుతో దాని పొరలను ఒక్కొక్కటిగా కాల్చి, అందులో ఏ లోహం ఎంత ఉందో వారాల వారీగా చెప్పే పద్ధతి ఇప్పుడుంది. 2018లో పరిశోధకులు ఫ్రాన్స్‌లో దొరికిన రెండున్నర లక్షల ఏళ్ల నాటి నియాండర్తల్ పిల్లల పళ్లను ఇలాగే చదివారు. ఆ పిల్లలు చలికాలంలో సీసం బారిన పడ్డారనీ, వారిలో ఒకరు రెండున్నరేళ్లకు తల్లిపాలు మానారనీ చెప్పగలిగారు. 2019లో నల్గొండలో పుట్టిన పిల్లలకు ఇప్పుడు ముందు పళ్లు ఊడుతున్నాయి.